నాలుగంగుళాల పని

జీపు వయసు దాని ముఖంలోనే తెలుస్తుంది. గ్రిల్లులో నిలువు సందులు తొమ్మిది ఉండి, హెడ్‌లైట్లు చిన్నవిగా గ్రిల్లు వెనక్కి నక్కి ఉంటే అది రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ గానీ ఫోర్డు గానీ అయివుంటుంది. సందులు ఏడే ఉండి, లైట్లు పెద్దవై ముందుకొస్తే 1945లో పౌరుల కోసం మొదలైన సీజే-2ఏ తరానిది. బానెట్ ఒక్కసారిగా ఎత్తు పెరిగి, దాని పక్క రేకులు నిటారుగా నిలబడితే 1953లో వచ్చిన సీజే-3బీ. కర్నూలు, కడప జిల్లాల్లో జీపులు నడిపినవాళ్లూ బాగుచేసినవాళ్లూ ఈ అంకెలేవీ చెప్పరు. "లో బానెట్టా, హై బానెట్టా?" అని ఒక్క మాట అడుగుతారు. బండి పుట్టుపూర్వోత్తరాలు తేలడానికి వాళ్లకు అది చాలు.

మనవైపు మిగిలిన పాత జీపుల్లో ఎక్కువ భాగం హై బానెట్టే. మహీంద్రా కంపెనీ 1940ల చివర్లో విల్లీస్ జీపుల్ని విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టి, తర్వాత సీజే-3బీని ఇక్కడే తయారుచేసింది. అమెరికాలో ఆ మోడల్ 1968లో ఆగిపోయినా, మన దేశంలో ఆ ఎత్తు బానెట్ ఇంకా చాలా ఏళ్లు సాగింది. కానీ మనసు పడేది మాత్రం లో బానెట్ మీదే. నేలకు దగ్గరగా, చదునుగా ఉండే ఆ ముఖంలో ఒక పొగరుంది. అందుకే హై బానెట్ జీపుకు పాత మోడల్ ముఖం తొడగడం షెడ్లలో ఒక పనిగా మొదలై, బాగా చేసేవాళ్ల చేతుల్లో విద్యగా ఎదిగింది. దీన్ని అందరూ బానెట్ మార్చడం అంటారు. నిజానికి ఈ పనిలో బానెట్ వాటా చాలా తక్కువ. మిగతా వాటా ఎవరి కంటికీ ఆనదు కాబట్టే దాని గురించి రాయాలనిపించింది.

ఒక జీపు భాగం ఇంకో జీపుకు అమరడం కాకతాళీయం కాదు. 1941లో అమెరికా సైన్యం విల్లీస్ నమూనాను ఎంచుకుని, ఒక్క ఫ్యాక్టరీ ఉత్పత్తి సరిపోదని ఫోర్డుకూ అదే జీపు తయారుచేసే పని అప్పగించింది. ఇద్దరి భాగాలూ ఒకదాని స్థానంలో మరొకటి పట్టాలన్నది షరతు. ఎడారిలో ఆగిపోయిన బండికి పక్కన పడున్న ఇంకో బండి భాగం ఊడదీసి బిగించగలగాలి, ఆ బండి ఎవరు చేసిందన్న ప్రశ్నే రాకూడదు. రెండు కంపెనీలూ కలిసి యుద్ధకాలంలో ఆరు లక్షలకు పైగా జీపులు తీశాయి. ఫోర్డు తన బోల్టుల తలల మీద కూడా ఎఫ్ అక్షరం కొట్టుకుంది. ఛాసీ ముందు అడ్డపట్టీ విల్లీస్‌కు గొట్టంలా గుండ్రంగా ఉంటుంది, ఫోర్డుకు బోర్లించిన యూ ఆకారంలో ఉంటుంది. ఇలాంటి తేడాలు వెతికేవాడికి దొరుకుతాయి గానీ బిగించేవాడికి అడ్డం రావు. తొమ్మిది సందుల గ్రిల్లు కూడా ఫోర్డుదే. మొదట విల్లీస్ ఇనుప పట్టీలను ఒక్కొక్కటిగా వెల్డింగ్ చేసి గ్రిల్లు కట్టేది. ఫోర్డు ఒకే రేకును ప్రెస్సులో కొట్టి, తేలిగ్గా, చౌకగా గ్రిల్లు తీసింది. 1942లో విల్లీస్ కూడా ఆ గ్రిల్లే పెట్టుకుంది. ఆ జీపు తయారీ మొదలైన ఏడాది తిరక్కుండానే ఒక బండి ముఖం ఇంకో బండికి వచ్చేసింది.

మరి 1953లో బానెట్ ఎందుకు లేచింది? ఇంజన్ వల్ల. అంతకుముందున్న గో-డెవిల్ ఇంజన్‌లో వాల్వులన్నీ పక్కన, బ్లాకులోనే ఉండేవి. 60 గుర్రాల శక్తి. కొత్త హరికేన్ ఇంజన్‌లో ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులోనే ఉంచి, ఇన్‌టేక్ వాల్వుల్ని పైకి, హెడ్డులోకి తెచ్చారు. గాలి ధారాళంగా లోపలికి పోయి శక్తి 70 గుర్రాలు దాటింది. దాంతోపాటు ఇంజన్ ఎత్తూ పెరిగింది. కొత్త బాడీ గీయడానికి బదులు విల్లీస్ వాళ్లు ఉన్న సీజే-3ఏ బాడీ ముందుభాగాన్ని దాదాపు నాలుగంగుళాలు పైకి లేపారు. ఆ ఏడాదే అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. గుడారాల్లో ఆఫీసులు నడిచిన కాలం అది. ఆ తర్వాతి దశాబ్దాల్లో తాలూకా ఆఫీసు ముందు, బ్లాకు ఆఫీసు ముందు నిలబడి ఈ ప్రాంతపు జనానికి సర్కారు బండి అంటే ఇదీ అనిపించింది ఆ లేచిన ముఖమే.

ఇక పనిలోకి వద్దాం. 3ఏకీ 3బీకీ వీల్‌బేస్ ఒకటే, 80 అంగుళాలు. బల్లపరుపు మడ్‌గార్డులు అటూ ఇటూ అమరుతాయి. బానెట్‌ను పక్కల నుంచి పట్టి ఉంచే స్ప్రింగు క్లాంపులు కూడా ఆ తరహావే. అందువల్ల కొత్తగా పని నేర్చుకున్నవాడు లో బానెట్ రేకూ పొట్టి గ్రిల్లూ కొనుక్కొచ్చి సాయంత్రానికి బండి తయారని అనుకుంటాడు. గ్రిల్లు నిలబడుతుంది. బానెట్ ముందు అంచు గ్రిల్లు మీద కూర్చుంటుంది. వెనక అంచు మాత్రం గాల్లో వెళ్లి రేకు గోడకు కొట్టుకుంటుంది. బానెట్‌కూ అద్దానికీ మధ్య, కాళ్ల ముందు నిలబడి ఉండే ఆ రేకు గోడే కౌల్. విల్లీస్ వాళ్లు లేపింది దాన్నే. బానెట్ వెనక కీలు దానికే, అద్దం ఫ్రేము దానికే, డ్యాష్‌బోర్డు దానికే, స్టీరింగ్ రాడ్డు పట్టుకునే బ్రాకెట్టూ దానికే. అది దిగితే అన్నీ దిగాలి, ఒక్కటి దిగకపోయినా మిగతావి కుదరవు.

కడపలో పాత జీపులు తప్ప వేరే బండి ముట్టని ఒక షెడ్డులో ఈ పనిని దగ్గర కూర్చుని చూశాను. మేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. ముందు గ్రిల్లు, బానెట్, అద్దం విప్పించాడు. బాడీని ఛాసీకి పట్టి ఉంచే బోల్టులు మాత్రం ఒక్కటీ వదులు చేయనివ్వలేదు. జీపు బాడీకి పైకప్పు లేదు, పక్కన తలుపులూ లేవు. పైభాగం తెరిచిన డబ్బా అది. ముందు గోడ కోస్తే రెండు పక్కలూ తెరుచుకుంటాయి. అందుకని ఎక్కే దారులు రెండింటికీ మధ్య ఒక యాంగ్లర్ ముక్కను అడ్డంగా పెట్టి తాత్కాలికంగా టాకాలు వేశాడు. పని అయ్యాక అది కోసి పారేసేదే. కానీ అదే లేకపోతే కోత పడిన మరుక్షణం పక్కలు అర అంగుళం విచ్చుకుంటాయి, ఆ తర్వాత ఎంత సుత్తి కొట్టినా తిరిగి రావు.

గీత గీయడానికి సుద్దముక్క తేబోయిన కుర్రాణ్ని ఆపాడు. "సుద్దగీత మందమే రెండు మిల్లీమీటర్లుంటాది రా అబ్బీ, దాంట్లో యా పక్క కోస్తావు?" అన్నాడు. రేకు మీద సూదితో సన్నని గీత లాగించాడు. ఎక్కడ కోయాలన్నదే ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద నిర్ణయం. పై అంచు కోస్తే సులువు, కానీ అక్కడ ఫ్యాక్టరీ ప్రెస్సులో పడిన మడత ఉంది. అద్దం కీళ్లూ బానెట్ కీలూ కూర్చునేది ఆ మడత మీదే. దాన్ని చేత్తో మళ్లీ కొట్టి తేవడం ఎవరివల్లా కాదు. కింద కోద్దామంటే కాళ్లు ఆనే వాలు రేకు, బ్రేకు పెడల్ వ్యవహారం. అందుకని మధ్యలో, చదునుగా ఉన్న చోట నాలుగంగుళాల పట్టీ తీసేసి, పైభాగాన్ని ఉన్నదున్నట్టుగా కిందికి దించుతాడు. ఫ్యాక్టరీ మడత అలాగే బతికి ఉంటుంది, అతుకు ఎవరూ చూడని చోట పడుతుంది. ఎక్కడ తన చెయ్యి అక్కర్లేదో తెలుసుకుని అక్కడ చెయ్యి పెట్టకపోవడం పెద్ద పనితనం అని నేననుకుంటాను. ఆ మేస్త్రీ చేత్తో చేసిన పని కన్నా వదిలేసిన ఆ మడతే నాకు ఎక్కువ నచ్చింది.

పైభాగం దిగాక రెండు పక్కలూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి రావు, కొన్ని మిల్లీమీటర్లు తేడా పడుతుంది. అక్కడ రేకుకు చిన్న చీలిక పెట్టి, అంచులు దగ్గరికి లాగి కలుపుతాడు. ఆ తర్వాత వెల్డింగ్. పలచని రేకుకు వేడే శత్రువు. గీత పొడుగునా ఒక్క ఊపున వెల్డింగ్ లాగితే రేకు ముడుచుకుని అలలు లేస్తుంది. మేస్త్రీ ఈ చివర ఒక టాకా, ఆ చివర ఒక టాకా, నడుమ ఒకటి వేసి ఆగాడు. తడిగుడ్డ అద్దాడు. అతుకు వెనక చిన్న ఇనుప దిమ్మ ఆనించి, ముందు నుంచి సుత్తితో మెల్లగా తట్టాడు. మళ్లీ టాకాల నడుమ టాకాలు. ఒకచోట వేడి చేరకుండా అటొకటి ఇటొకటి వేసుకుంటూ పోయాడు. ఇంత చేసీ అతుకు పూర్తిగా కలపలేదు. టాకాల మీదే కౌల్‌ను నిలబెట్టి, బానెట్, గ్రిల్లు, అద్దం ఫ్రేము మూడూ తెచ్చి ఉత్తుత్తిగా బిగించాడు.

ఇక్కడ చూడాలి ఆయన కన్ను. బానెట్‌కూ కౌల్‌కూ మధ్య సందులో రెండు హ్యాక్సా బ్లేడ్లు కలిపి దూర్చి, ఈ చివర నుంచి ఆ చివర దాకా జార్చాడు. ఒకచోట పట్టేసింది. బానెట్ రేకును కొట్టలేదు, కీలు బోల్టు కింద పలచని వాషరు వేశాడు. రెండోసారి బ్లేడ్లు ఆగకుండా సాగాయి. తర్వాత వీధిలోకి నడిచి, పక్క నుంచి చూశాడు. లో బానెట్ చదునుగా కనిపిస్తుంది గానీ పూర్తిగా మట్టంగా ఉండదు, కాస్త ముందుకు వాలి ఉంటుంది. రసమట్టం పెట్టి సరిచేసినవాడు బండిని చెడగొట్టినట్టే. ఆ వాలు కుదిరాకే అతుకు పూర్తిచేశాడు. పుట్టీ డబ్బా మూత తీసే ముందు రేకు మీద కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఆ తడి మెరుపులో గుంటలు వెతికాడు. కంటికి దొరకనివి అరచేతికి దొరికాయి. "బానెట్ ఎవురైనా మారుస్తారు సార్. కౌల్ దించినోనికే తెలుస్తాది," అన్నాడు అప్పుడు.

అసలు చిక్కు ఇంకా అలాగే ఉంది. విల్లీస్ బానెట్ లేపిందే ఇంజన్ కోసం. ఇప్పుడు ఆ ఎత్తు తీసేస్తే ఇంజన్ ఎక్కడికి పోవాలి? గో-డెవిల్ ఇంజన్ దొరికితే ఏ గొడవా లేదు. హరికేన్‌తోనే నడపాలంటే ఎయిర్ క్లీనర్‌ను పక్కకు తేవాలి, కార్బురేటర్ పైన గొట్టం మలుపు తగ్గించాలి, మౌంటింగులు దించాలి. మనవైపు చాలా జీపుల్లో తర్వాత డీజిల్ ఇంజన్ ఎక్కింది కాబట్టి ఎత్తు ఇంకా పెద్ద సమస్య. మౌంటింగు దించుతూ పోతే కింద ఆయిల్ సంపు ముందు యాక్సిల్ గుండు మీదికి వస్తుంది. బండి నిలబడి ఉన్నప్పుడు రెండంగుళాల ఖాళీ కనబడుతుంది, గుంతలో పడినప్పుడు యాక్సిల్ లేచి సంపుకు తగులుతుంది. అందుకని మేస్త్రీ జాకీ పెట్టి యాక్సిల్‌ను పైకి నొక్కించి, రబ్బరు బంపు ముందు ఆనుతుందా, సంపు ముందు తగులుతుందా అని చూశాకే మౌంటింగు రంధ్రాలు వేయించాడు. ఈ ఓపిక లేనివాళ్లు బానెట్ నడుమ రేకును కోసి ఒక బొడిపె అతుకుతారు. దూరానికే తెలిసిపోతుంది. లో బానెట్ అందమంతా ఆ చదునులో ఉంటే, అక్కడే కణితి లేపినట్టు ఉంటుంది.

సీమలో ఇంకో లెక్క కూడా ఉంది. గ్రిల్లు పొట్టిదైతే దాని వెనక రేడియేటరూ పొట్టిదవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, కడపల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. కడప నుంచి రాయచోటి వెళ్లే దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది. మధ్యాహ్నం పూట మనుషుల్ని ఎక్కించుకుని రెండో గేరులో ఆ మలుపులు ఎక్కితే, తగ్గిన రేడియేటరు అక్కడే బయటపడుతుంది. కాబట్టి ఎత్తు తగ్గినంత మేర మందం పెంచాలి. గొట్టాల వరసలు ఒకటి ఎక్కువ వేసిన కోర్ కట్టించాలి, ఫ్యానుకు చుట్టూ రేకు కవచం పెట్టించాలి. ముఖం మార్చే పని చివరికి నీళ్లు మరగకుండా చూసే పని దాకా వెళ్తుంది. బండిని ఫొటో కోసం చేసేవాడికీ దారి కోసం చేసేవాడికీ తేడా ఇక్కడ పట్టుబడుతుంది.

ఇదే ఎండ మరోవైపు మేలు చేసింది. కాకినాడ, విశాఖ గాలిలో ఉప్పుతేమ రేకును లోపల నుంచి తింటుంది. కర్నూలు, కడపల పొడిగాలిలో పాత రేకు చాలాకాలం గట్టిగా ఉంటుంది. రబ్బరు బీడింగులు పగిలిపోతాయి, సీటు రెగ్జిను చిట్లుతుంది, పెయింటు సుద్దలా పొడి రాలుతుంది, రేకు మాత్రం సుత్తితో తడితే ఖంగుమంటుంది. అమెరికాలో కూడా పాత కార్ల మీద ప్రేమ ఉన్నవాళ్లు అరిజోనా లాంటి ఎడారి రాష్ట్రాల నుంచి వచ్చే బాడీల కోసం ఎదురుచూస్తారు, కారణం ఇదే. అయితే నంద్యాల, కోయిలకుంట్ల వైపు నల్లరేగడిలో తిరిగిన జీపుల సంగతి వేరు. ఆ మట్టి మడ్‌గార్డుకూ బాడీకీ మధ్య మడతల్లో చేరి, తేమను పట్టుకుని వదలదు. అక్కడి బండి కొనేటప్పుడు మడ్‌గార్డు కిందికి చెయ్యి పెట్టి చూడకుండా బేరం ఆడకూడదు. బేతంచెర్ల, బనగానపల్లె వైపు నాపరాళ్ల గనుల్లో తిరిగిన బండికి తుప్పు భయం తక్కువ, దుమ్ము భయం ఎక్కువ.

ఒక మోడల్‌కు ఇంకో ఏడాది ముఖం తొడగడంలో ప్రపంచంలో అందరికీ తెలిసిన ఉదాహరణ డాడ్జ్ ఛార్జర్. 1979 నుంచి 1985 దాకా అమెరికా టీవీలో వచ్చిన 'ద డ్యూక్స్ ఆఫ్ హజ్జర్డ్' ధారావాహికలో నారింజరంగు కారు 1969 మోడల్. దూకుళ్లకు కార్లు విరిగిపోతూ ఉంటే, 1968 మోడల్ ఛార్జర్లను కొనుక్కొచ్చి 1969వి చేశారు. 1969 గ్రిల్లుకు నడుమ ఒక నిలువు విభజన ఉంటుంది, 1968కి లేదు. 1968కి వెనక లైట్లు గుండ్రాలు, 1969కి పొడుగాటివి. పక్కన ఉండే చిన్న సైడు లైట్లూ గుండ్రం నుంచి పొడుగుకు మారాయి. బాడీ అసలు నిర్మాణం మాత్రం ఒకటే, కాబట్టి ఊడదీసి బిగించడంతో చాలావరకు పని అయిపోయేది. మన హై బానెట్ పని ఆ కోవలోది కాదు. అక్కడ కంపెనీ తొడుగు మార్చింది, ఇక్కడ ఎముక మార్చింది. అందుకే ఇక్కడ చేసే చెయ్యికి నా దగ్గర గౌరవం ఎక్కువ.

ఎంత దూరం వెనక్కి వెళ్లాలన్న దాంట్లోనూ ఆ మేస్త్రీ తీర్పు నాకు సరైనదనిపించింది. ఆ బండి సొంతదారు తొమ్మిది సందుల యుద్ధకాలపు గ్రిల్లు అడిగాడు. మేస్త్రీ ఏడు సందులదే పెట్టాడు. యుద్ధకాలపు జీపుకు వెనక తెరిచే తలుపు ఉండదు, అద్దం రెండు ముక్కలు, హెడ్‌లైట్లు ఇంజన్ వైపు తిప్పుకునేలా కీలు మీద ఉంటాయి. అవన్నీ మార్చకుండా తొమ్మిది సందులు పెడితే ముఖం ఒక ఏడాదిది, వీపు ఇంకో ఏడాదిది అవుతుంది. 3బీ పుట్టిందే 3ఏ నుంచి. దానికి న్యాయంగా వచ్చే పాత ముఖం 3ఏదే, ఏడు సందులు, ఒకే అద్దం. విల్లీస్ 1953లో కలిపిన నాలుగంగుళాలు తీసేస్తే మిగిలేది అదే బండి. సొంతదారు మొదట అలిగినా, అద్దం ఫ్రేము బిగించాక ఇంకేమీ అనలేదు.

ఒకచోట మాత్రం ఎవరెంత అడిగినా ఒప్పుకోకూడదు. ఎంఎం540 లాంటి తర్వాతి మహీంద్రాల వీల్‌బేస్ 91 అంగుళాలు. వాటిని యుద్ధకాలపు పొట్టి జీపుగా చూపించడానికి ఛాసీని కోసి పదకొండు అంగుళాలు తగ్గించేవాళ్లున్నారు. రేకు అతుకు విడిపోతే చప్పుడొస్తుంది, ఛాసీ అతుకు విడిపోతే ప్రాణం పోతుంది. చట్టం కూడా అటువైపే ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ నిర్దేశించిన మౌలిక వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఈ మాటను గట్టిగా చెప్పింది. కౌల్ దించాలనుకునేవాళ్లు కూడా ముందు ఆర్టీఓ ఆఫీసులో అడిగి తెలుసుకున్నాకే గీత గీయించాలి.

భాగాలు దొరకడం ఇప్పుడు అంత కష్టం కాదు. పంజాబ్, హర్యానా సరిహద్దులోని మండీ డబ్వాలీ ఈ జీపు బాడీలకు పేరుపడ్డ ఊరు. ఫిలిప్పీన్స్‌లో యుద్ధకాలపు జీపుకు పూర్తి బాడీనే కొత్తగా కొట్టి ప్రపంచమంతా పంపే కంపెనీ ఉంది. కొత్త రేకు కొనుక్కోగలిగినవాళ్లు పాత బండిని కోయాల్సిన పని లేదు. నా అభిప్రాయం ఇది: ముందుభాగం ఎప్పుడో గుద్దుకుని, ఇప్పటికే నాలుగు చేతులు పడి, అసలు కౌల్ మిగలని జీపునే దించాలి. మా మేస్త్రీ చేసిన బండి అలాంటిదే. 1950, 60ల నాటి సీజే-3బీ ఇంకా తన సొంత ముఖంతో ఎవరి దొడ్లోనైనా ఉంటే దాని ఎత్తు ముట్టుకోకూడదు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసీ, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉన్న బండికే వింటేజ్ గుర్తింపు, 'వీఏ' అక్షరాల నంబరు ప్లేటు దక్కుతాయి. కౌల్‌లో నాలుగంగుళాలు తీసేసిన రోజే ఆ అర్హత చేతులారా పోగొట్టుకున్నట్టు. అలాంటి హై బానెట్ జీపు ఉన్నవాళ్లు దానికి రబ్బర్లు మార్పించి, రేడియేటరు కడిగించి, మడ్‌గార్డుల కింద మట్టి గీకించి, ఉన్న ముఖంతోనే నడుపుకోవాలి.